నీటి తుంపర నిలవకుండా గీతలా పడుతుంటే

గుంటూరు మిరపకాయ నీళ్ల గిన్నెలో పడిన క్షణం ఫొటోలో దొరికినా, ఎగసిన తుంపరలు గుండ్రంగా కాక సాగిన గీతల్లా వస్తే, చాలామంది చేసే మొదటి పని షట్టర్ స్పీడ్ పెంచడం. కానీ చీకటి గదిలో కదలికను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాష్ వెలిగి ఆరే వ్యవధి. అర మీటరు ఎత్తు నుంచి పడే చుక్క సెకనుకు 3 మీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. షట్టర్ తెరిచి ఉండే 1/200 సెకనులో అది సుమారు 15 మిల్లీమీటర్లు జరిగిపోతుంది.

కాబట్టి ముందుగా ఫ్లాష్ ఆపి, అవే సెట్టింగులతో ఒక ఫొటో తీయండి. ఎంత చెప్పినా ఎవరూ చేయని పరీక్ష ఇదే. ఫ్రేము పూర్తిగా నల్లగా రాకపోతే పరదా సందులోంచి వచ్చే వీధిదీపమో, స్టూడియో లైటులో ఎప్పుడూ వెలుగుతుండే మోడలింగ్ బల్బో గీతలు గీస్తోందన్నమాట. షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200తో మొదలుపెట్టి, వెలుగు దారులన్నీ మూసేయండి. బెజవాడ ఎండలో పగలు గదిని చీకటి చేసే తంటాలు పడేకంటే రాత్రివేళ తీయడమే నయం.

నల్లటి ఫ్రేము వచ్చినా గీతలు పోకపోతే, కారణం ఫ్లాష్ పవరే. కెమెరా మీద పెట్టే సాధారణ ఫ్లాష్ పూర్తి పవర్‌లో సుమారు 1/1000 సెకను వెలుగుతుంది. పవర్‌ను 1/128వ వంతుకి తగ్గిస్తే ఆ వెలుగు మధ్యలోనే తెగిపోయి 1/20000 సెకనుకు అటూ ఇటూగా ముగుస్తుంది. అందుకే పవర్‌ను కెమెరాయే నిర్ణయించే టీటీఎల్ వదిలి మాన్యువల్‌లో 1/32వ వంతు లేదా అంతకంటే తక్కువ పెట్టి, తగ్గిన వెలుగు కోసం ఫ్లాష్‌ను దగ్గరికి జరపాలి. దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. తుంపర తగలకుండా ఫ్లాష్‌కు పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు తొడగడం మరవకండి.

అసలు మోసం చేసేది, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ దగ్గర అడిగి తెచ్చుకున్న పాత స్టూడియో లైటు. అలాంటి చాలా లైట్లలో పవర్ తగ్గించడమంటే ఫ్లాష్‌కు విద్యుత్తును నిల్వ చేసే కెపాసిటర్ వోల్టేజిని తగ్గించడమే గనుక, వెలుగు తెగదు సరికదా, ఇంకాస్త నెమ్మదిగా ఆరుతుంది. పై సలహాను అక్షరాలా పాటించినవారికే గీతలు మరింత పొడుగవుతాయి, తప్పేమో కెమెరా మీద పడుతుంది. తేల్చుకోవడానికి సీలింగ్ ఫ్యాను చాలు. రెక్క చివర తెల్ల కాగితం ముక్కను గట్టిగా అంటించి, పూర్తి వేగంతో తిప్పి, చీకటిలో ఎక్కువ పవర్‌తో ఒకటి, తక్కువ పవర్‌తో ఒకటి ఫొటో తీయండి. 48 అంగుళాల ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరిగితే రెక్క చివర సెకనుకు సుమారు 22 మీటర్లు పోతుంది. 1/1000 సెకను వెలుగులో కాగితం అంచు రెండు సెంటీమీటర్ల మేర చెదిరిపోతుంది, 1/20000లో ఒక మిల్లీమీటరే. తక్కువ పవర్‌లో అంచు మరింత చెదిరితే ఆ లైటును ఈ పనికి పక్కన పెట్టేసి, కెమెరా ఫ్లాష్‌లు రెండు తెచ్చుకోండి.

ఫ్రేములో సగం నల్లగా వస్తే షట్టర్ స్పీడ్ సింక్ హద్దు, అంటే ఫ్లాష్ వెలిగేసరికి షట్టర్ పూర్తిగా తెరిచి ఉండగల గరిష్ఠ స్పీడ్, దాటిందని అర్థం, 1/160కి దించండి. ఫ్లాష్‌ను ఒక్కసారిగా కాక వరుస మెరుపులుగా వెలిగించే హైస్పీడ్ సింక్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. మసక ఒకే దిశలో కాక చుట్టూ ఉంటే అది ఫోకస్ తప్పు: కాయ పడే చోట పెన్సిల్ నిలిపి మాన్యువల్‌గా ఫోకస్ చేయాలి. ఇక ట్రైపాడ్ ఊగడం, లెన్సు లోపం వంటివి ఇక్కడ దాదాపు ఎప్పుడూ కారణం కావు.