దాణా తూకం: పాడి లాభానికీ, బావి నీటికీ

పాకలో దాణా ఖర్చు తగ్గించాలంటే ముందు ఒక కాటా కొనండి. డబ్బాతో కొలిచి పోస్తే ఈనిన కొత్తలో పెట్టినంతే వట్టిపోయేదాకా పెడుతుంటాం.

లెక్క ఇదీ. గేదెకు ఒంటి పోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో. రోజుకు 8 లీటర్లిచ్చే గ్రేడెడ్ ముర్రాకు (నాటు గేదెను ముర్రా దున్నతో కలిపి మెరుగుపరిచిన రకానికి) ఐదున్నర కిలోలు సరిపోతాయి. అలసంద, లూసర్న్, పిల్లిపెసర లాంటి పప్పుజాతి మేత వేస్తుంటే ప్రతి 6–8 కిలోలకు ఒక కిలో దాణా తగ్గించాలి. చాలామంది పచ్చిమేత పెంచుతారు గానీ దాణా మాత్రం ముట్టుకోరు.

ఎక్కువైన మాంసకృత్తులు పాలలోకి రావు, ఎక్కువ భాగం యూరియాగా మారి మూత్రంలో పోతాయి. 20 శాతం మాంసకృత్తులున్న దాణా కిలోలో 32 గ్రాముల నత్రజని ఉంటుంది. పది గేదెలకు రోజూ కిలో చొప్పున అదనంగా పెడితే నెలకు 9.6 కిలోల నత్రజని, అంటే దాదాపు 21 కిలోల యూరియా ఎరువుతో సమానం. అదే మట్టిలో నైట్రేటుగా మారి వానలకు బావిలోకి దిగుతుంది. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు.

తగ్గించేటప్పుడు తొందర వద్దు. ఈనిన మొదటి మూడు నెలలు తగ్గించే మాటే ఎత్తకండి. తరువాత అరకిలో తగ్గించి, వారం పాటు రెండు పూటలా పాలు తూచండి. పాలు పడిపోకపోతే ఆ అరకిలో వృథా అన్నమాట. పడిపోతే తిరిగి పెట్టండి, కానీ లోటు మాంసకృత్తులదేనని అనుకోవద్దు. వరిగడ్డి మీద బతికే పశువుకు తరచూ మేతలోంచి అందే శక్తే చాలదు. శక్తి చాలకపోతే పొట్టలోని సూక్ష్మజీవులు నత్రజనిని వాడుకోలేవు. మాంసకృత్తుల కోసమని పత్తిచెక్క పెంచే ముందు కొంత చెక్క తీసి, ఆ మేరకు మొక్కజొన్న పిండి కలిపి చూడండి.

తవుడులో భాస్వరం దండిగా, కాల్షియం తక్కువగా ఉంటుంది. తవుడు ఎక్కువగా వాడేచోట విడిగా భాస్వరం కొనడం దండగ; మిగులు పేడలో పోయి, వానకు చెరువు చేరి నాచునూ గుర్రపుడెక్కనూ పెంచుతుంది. ఖనిజ లవణ మిశ్రమం మాత్రం రోజుకు 50 గ్రాములు ఆపకండి.

పేడగుంత బావికి ఎగువన ఉండకూడదు, అడుగు గట్టిగా ఉండాలి. మూత్రం, కడుగునీళ్లు కాలువ ద్వారా తొట్టిలో పట్టి, నేపియర్ గడ్డి కోత కోయగానే ఆ మడికి పారించండి. వాన పడేలా ఉంటే ఆ రోజుకు ఆపండి.