పాత అమెరికన్ పట్టు కుట్టుచిత్రం చేతికొస్తే ఏం చూడాలి, ఎలా దాచాలి

1790–1840 మధ్య అమెరికాలో ఆడపిల్లల బళ్లలో తయారైన పట్టుచిత్రంలో దారంతో పాటు నీటిరంగులూ ఉంటాయి. చెట్లు, గడ్డి, బట్టలు కుట్టినవి. ఆకాశం, ముఖాలు, చేతులు చాలావరకు కుంచెతో వేసినవే. ముఖం గీసింది తరచూ ఆ పిల్ల కాదు, పంతులమ్మో కూలికి వచ్చిన చిత్రకారుడో. ఫిలడెల్ఫియాలో శామ్యూల్ ఫోల్వెల్ ఈ పని చేసేవాడు, ఆయన భార్య కుట్టు నేర్పేది. అందుకే దీన్ని ఉతకడం, తడిగుడ్డతో అద్దడం కూడదు. ఒక్క చుక్క పడ్డా ముఖం కరిగి మరకవుతుంది.

ముందు ఫ్రేము విప్పకుండా 10 రెట్ల భూతద్దంతో చూడండి. ముఖంలో అచ్చుచుక్కలు వరసగా కనిపిస్తే అది తర్వాతి కాలపు ముద్రణ. గడ్డి, ఆకుల దగ్గర నూగున్న చెనీల్ దారం ఉండవచ్చు. సమాధి, కలశం, వాలిన విల్లో చెట్టు ఉంటే సంతాపచిత్రం. 1799 డిసెంబరు 14న అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ చనిపోయాక ఇవి ఊపందుకున్నాయి. అలాగని ప్రతి కలశమూ ఆయనది కాదు, ఇంట్లో పోయినవాళ్లకూ కుట్టారు. పోయినవాళ్ల పేరు రాయకుండా వదిలేసినవీ ఉన్నాయి.

నల్లదారం రాలిపోతుంటే పురుగు అనుకోకండి. నలుపు కోసం అద్దకంలో కలిపిన ఇనుము లోపల్నుంచే పట్టును తినేస్తుంది. ఊడిన పోగును జిగురుతో అంటించొద్దు.

అసలు సంగతులు వెనకవైపు ఉంటాయి. గుండ్రటి తీగ మేకులుంటే 19వ శతాబ్దం చివర్లోనో ఆ తర్వాతో ఎవరో విప్పి బిగించారన్నమాట. వెనక చెక్క ఆమ్లం వదిలి పట్టును గోధుమరంగుకు తిప్పుతుంది. దాన్ని మార్చాల్సిందే, కానీ దానిమీది ఫ్రేము దుకాణం చీటీతో సహా విడిగా దాచండి. చీటీ పోతే ఊరు తెలిసే దారి పోయినట్టే. చెక్క తీసిన చోట ఆమ్లం లేని అట్ట పెట్టండి.

వేలాడదీసేచోట వెలుతురు 50 లక్స్ దాటకూడదు, తేమ 50 శాతం దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. అద్దానికీ పట్టుకూ మధ్య కనీసం 6 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. మామూలు యాక్రిలిక్ షీటు వద్దు, స్థిరవిద్యుత్తు తెగిన పోగుల్ని పైకి లాగేస్తుంది.

పాత అద్దానికి నల్లటి అంచు, బంగారు అక్షరాల్లో పేరు ఉంటే ఆ రంగు అద్దం లోపలివైపున వేసింది. అటు తుడిస్తే కుట్టిన పిల్ల పేరు గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది.