మంచులో కుక్క ఫొటో: మంచు తెల్లగా, కుక్క కళ్లు స్పష్టంగా

మంచులో తీసిన కుక్క ఫొటోలు చాలావరకు ఒకేలా పాడవుతాయి. మంచు బూడిద రంగుకు తిరుగుతుంది, కుక్క మసిబొగ్గులా కనిపిస్తుంది. ఎదురుగా ఏమున్నా, వెలుతురు కొలిచే కెమెరా మీటరు దాన్ని మధ్యరకం బూడిద రంగుగానే లెక్కగడుతుంది. ఫ్రేము నిండా మంచుంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది.

మీటరు లెక్క కంటే వెలుతురును పెంచే సెట్టింగు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 నుంచి +2 స్టాపులు (ఒక్కో స్టాప్‌కు వెలుతురు రెట్టింపు) పెట్టమని అందరూ చెబుతారు. కూర్చున్న కుక్కకు అది చాలు, పరిగెత్తే కుక్కకు చాలదు. నల్ల లాబ్రడార్ దూరంగా ఉన్నప్పుడు ఫ్రేములో మంచే ఎక్కువ కాబట్టి +1.7 సరిగ్గా కుదురుతుంది. అదే కుక్క మీ మీదికి దూసుకొచ్చి ఫ్రేమంతా నిండితే, మీటరు ఆ నలుపును చూసి వెలుతురు పెంచుతుంది. దానికి మీ +1.7 కూడా తోడై వెనకున్న మంచు తెల్లకాగితమైపోతుంది. ఎండ మాత్రం ఇందాకటిదే! అందుకే సెట్టింగులన్నీ మనమే పెట్టే మాన్యువల్ మోడ్ వాడాలి.

ముందు ఆటో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే తీరును అదే మార్చుకునే సదుపాయం) ఆపేయండి. ఇది మర్చిపోతే మాన్యువల్‌లో కూడా కెమెరా తన లెక్కే నడుపుతుంది. ఒక చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరింగ్ పెట్టి, కుక్క పరిగెత్తబోయే చోట ఎండ పడుతున్న మంచును చూపించండి. మీటరు ముల్లు +1.7 దగ్గర ఆగేలా సెట్టింగులు మార్చండి. మంచి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్/4 (లెన్స్ రంధ్రం), 1/1600 సెకను (షట్టర్ వేగం) దగ్గర మొదలుపెట్టొచ్చు. మబ్బుగా ఉంటే ఐఎస్ఓ 400 నుంచి 800 కావాలి. వెలుతురు మారేదాకా ఇక దేన్నీ ముట్టుకోవద్దు, కుక్క ఏ రంగుదైనా సరే.

ఒక ఫొటో తీసి, మంచులో పడిన పాదముద్రను స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. అంచుల్లో రాలిన పలుకులు, గుంటలో గోటి గీతలు కనిపిస్తే ఎక్స్‌పోజర్ కుదిరినట్టే. అంతా ఒకే తెలుపైతే మూడో వంతు స్టాప్ తగ్గించండి. వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫులో మంచు గుట్ట కుడి అంచుకు దగ్గరగా ఉండాలి, గుద్దుకోకూడదు. కెమెరా పట్టిన వివరాలన్నీ దాచే రా ఫార్మాట్‌లో తీస్తే నల్ల బొచ్చులోని వివరాలను తర్వాత పైకి తేవచ్చు, కానీ కాలిపోయిన మంచు మాత్రం తిరిగి రాదు.

నల్ల కుక్కకు పల్చని మబ్బు పట్టిన రోజే మేలు. మోకాళ్ల మీద కూర్చుని దాని కళ్ల ఎత్తులో తీయండి. మంచు మీంచి ఎగసే వెలుగు గడ్డం కింద నీడను తీసేసి కళ్లలో మెరుపు తెస్తుంది. సమోయెడ్ లాంటి తెల్లకుక్కకైతే వెనక చెట్ల నలుపు, పక్క నుంచి ఎండ ఉండేలా చూసుకోవాలి. నీడలో మంచు నీలంగా వస్తే రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను 6500 కెల్విన్ దాకా పెంచండి.

మంచు కురుస్తుంటే ఫోకస్ కుక్కను వదిలి మంచు రేకుల మీదికి జారుతుంది. కదిలేదాన్ని వెంటాడే కంటిన్యువస్ ఆటోఫోకస్‌తో పాటు జంతువుల కన్ను పట్టే సదుపాయం ఉంటే అది వాడండి, లేకపోతే ఒక్క ఫోకస్ పాయింట్ చాలు. ఫోన్‌లో అయితే కుక్క మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, మంచు తెల్లగా, వివరాలు పోకుండా కనిపించేలా వెలుతురు సర్దండి.

చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, రెండోదాన్ని లోపలి జేబులో ఉంచుకోండి. ఇంట్లోకి వెళ్లేముందే కెమెరాను జిప్ కవర్లో పెట్టి మూసేయండి, గది వేడికి వచ్చాకే తెరవండి. లేదంటే లెన్స్ నిండా తేమ పడుతుంది. కుక్క కాలు ఎత్తి కుంటుతుంటే వేళ్ల మధ్య మంచు ఉండలు కట్టిందేమో చూడండి. గోరువెచ్చని నీళ్లతో కరిగించి, తుడిచి, ఆ రోజుకు ఫొటోలు ఆపేయండి.