తులసికోటకు టైల్ ముక్కలు

బాత్‌రూమ్ పనిలో మిగిలిన టైల్స్‌తో తులసికోటను ముగ్గులా అలంకరిద్దామనుకున్నాను. మొదటిసారి పాత సున్నం మీదే సిమెంటు రాసి ముక్కలు అంటించేశాను. వారం తిరక్కుండానే టపటపా రాలిపోయాయి. తిప్పి చూస్తే ముక్క వెనకాల సిమెంటుతోపాటు సున్నం పెచ్చు కూడా ఊడొచ్చింది. తప్పు సిమెంటుది కాదు, నాదే.

ఈసారి సున్నమంతా గీకేసి, కోటను కడిగి, టైల్ అడెసివ్ (టైల్స్ అంటించే జిగురు) పట్టించాను. టైల్‌ను గోనెసంచిలో చుట్టి సుత్తితో కొడితే పెంకులు ఎగరవు (అయినా కళ్లద్దాలు పెట్టుకున్నాను). పదునైన అంచులు రాతి మీద అరగదీశాను. ముక్కకూ ముక్కకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలాను. మర్నాడు ఆ సందుల్లో గ్రౌట్ (సందులు పూడ్చే ముద్ద) నింపి, పూర్తిగా గట్టిపడకముందే తడి స్పాంజితో తుడిచాను.

వానాకాలం దాటినా ఒక్క ముక్క కదల్లేదు. అత్తయ్య మాత్రం "పసుపురంగువి ఇంకో నాలుగు పెట్టాల్సిందమ్మా" అంటున్నారు.