ట్రైలర్ హీటర్ తెల్లవారుజామున ఆగిపోయేది, ఇలా దారికొచ్చింది

కరెంటు లేని చోట ట్రైలర్‌లో (కారు వెనక లాక్కెళ్లే ఇంటిబండి) పడుకుంటే, బ్యాటరీ కాస్త దిగేసరికి హీటర్ ఫ్యాన్ తిరిగేది గానీ మంట వెలిగేది కాదు. గ్యాస్ సిలిండర్, థర్మోస్టాట్, చివరికి బ్యాటరీ కూడా మార్చాను, డబ్బు దండగ.

ఈసారి ఫ్యాన్ తిరుగుతుండగానే మల్టీమీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, హీటర్ దగ్గర 10.6. వోల్టేజ్ తగ్గితే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, గాలి చాలక సెయిల్ స్విచ్ (ఫ్యాన్ గాలి తోపుకు కలిసే చిన్న స్విచ్) కలవదు, అది కలవనిదే మంట రాదు. అంటే మధ్యలో వైరింగ్‌లోనే ఎక్కడో వోల్టేజ్ పోతోంది. బ్యాటరీ కనెక్షన్ తీసేసి, నెగటివ్ వైరును ఛాసిస్‌కు బిగించిన బోల్టు విప్పాను. కింద అంతా తుప్పు, పచ్చటి పొడి! లోహం మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, వైరు చివర కొత్త లగ్గు (బోల్టుకు తగిలించే లోహపు కొస) వేసి గట్టిగా బిగించాను. మళ్లీ కొలిస్తే హీటర్ దగ్గర 12.1. ఆ రాత్రి తెల్లారేదాకా వెచ్చగా పడుకున్నాం.

మీకూ ఇదే కారణమని చెప్పలేను. రెండు చోట్లా వోల్టేజ్ తక్కువే ఉంటే బ్యాటరీనే అనుమానించాలి.