సెకండ్ హ్యాండ్ జాజ్ బేస్‌లో హమ్: నాకు పనిచేసింది ఇది

వాడిన జాజ్ బేస్ (ఒక రకం బేస్ గిటార్) కొన్నాను. ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) పెట్టగానే ఒకటే గుయ్. జాక్‌ని (కేబుల్ గుచ్చే చోటు) ముట్టుకుంటే తగ్గుతోంది, స్ట్రింగ్స్‌ని ముట్టుకుంటే తగ్గట్లేదు.

కేబుల్, ఆంప్, ప్లగ్ పాయింటు మార్చాను, వాల్యూమ్ పాట్లలో (నాబ్‌ల కింద తిరిగే భాగాల్లో) క్లీనర్ కొట్టాను, లాభం లేదు.

తర్వాత మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (కరెంటుకి దారి ఉంటే బీప్ కొట్టే సెట్టింగులో) పెట్టి ఒక మొన బ్రిడ్జికి (స్ట్రింగ్స్ కింది కొసల్ని పట్టి ఉంచే లోహపు భాగానికి), ఇంకోటి జాక్ బయటి భాగానికి ఆనించాను. బీప్ రాలేదు. స్ట్రింగ్స్ బాగా వదులు చేసి బ్రిడ్జి స్క్రూలు విప్పితే విషయం తెలిసింది: పాత ఓనర్ బ్రిడ్జి మార్చినట్టున్నాడు, బ్రిడ్జిని జాక్‌తో కలిపే గ్రౌండ్ వైరు కొస రంధ్రంలోకి జారిపోయి ఉంది. దాన్ని మెల్లగా పైకి లాగి, సెంటీమీటరు మేర తొడుగు తీసి, రాగి పోగులు విసనకర్రలా విప్పి చెక్క మీద పరిచాను. పైన బ్రిడ్జి పెట్టి గట్టిగా బిగించాను. టంకం అవసరం పడలేదు. ఈసారి బీప్ వచ్చాకే ట్యూన్ చేశాను.

అందరికీ ఇదే మందని చెప్పలేను. ఒక పికప్ (స్ట్రింగ్స్ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) మాత్రమే తెరిస్తే నాది ఇప్పటికీ కాస్త గుయ్‌మంటుంది, సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న రకం, గుయ్‌ని పట్టేస్తుంది) కదా. రెండూ సమానంగా పెడితే పోతుంది. ఈఎంజీ కంపెనీ యాక్టివ్ (బ్యాటరీతో నడిచే) పికప్స్ ఉన్న బేస్‌లలో అసలు ఈ వైరే ఉండకపోవచ్చు. స్ట్రింగ్స్ షాక్ కొడుతుంటే మాత్రం బేస్ విప్పకండి, ముందు ఆంప్‌నీ ఇంటి ఎర్తింగ్‌నీ చూపించండి.