ఆవిరి బండిని చదవడం – 3వ పాఠం: బీట్ లెక్కపెట్టి వేగం చెప్పడం

పోయిన పాఠంలో బాయిలరు దాకా వచ్చాం. ఈసారి ఆవిరి తన పని ముగించుకుని పొగగొట్టంలోంచి పోయేటప్పుడు చేసే చప్పుడు గురించి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇదే. దీనికి ఇంజను కనబడక్కర్లేదు. వెనక పెట్టెలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నా చెవులుంటే చాలు.

మా నాన్న 1970ల్లో వాల్తేరు ఇంజన్ల షెడ్డులో ఫైర్‌మన్, అంటే ఇంజనులో బొగ్గు వేసి మంట చూసుకునే మనిషి. ఆ చప్పుడును ఆయన 'బీట్' అంటారు. మనమూ అలాగే అందాం.

సిలిండరులో ఆవిరి పిస్టన్‌ను ఒకసారి ముందునుంచి, ఒకసారి వెనకనుంచి నెడుతుంది. నెట్టిన ప్రతిసారీ వాడేసిన ఆవిరి ఒక్క ఊపున పొగగొట్టంలోకి పోతుంది. అదే ఒక బీట్. మామూలు ఇంజనుకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు సిలిండర్లు. పిస్టన్ ఒకసారి పోయి వస్తే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగితే నాలుగు బీట్లు. రెండు వైపులా పావు చుట్టు తేడా పెడతారు. ఒక పిస్టన్ చివరికంటా పోయి ఆగినా రెండోది బండిని కదిలించాలి కదా! బీట్లు సమానమైన ఎడంతో పడేది కూడా అందుకే.

మొన్న ఆదివారం నాన్న మా అమ్మాయిని భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, "రెండు చేతులూ పిడికిలి పట్టు అమ్మలూ" అన్నారు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. మొదట చాలా నెమ్మదిగా, స్టేషనులోంచి బండి కదిలినట్టు. మొదటి దెబ్బ ఒక్కటీ కాస్త గట్టిగా వేయమన్నారు. నిజం ఇంజనులో కూడా నాలుగింటిలో ఒకటి తరచుగా కొంచెం బరువుగా వినబడుతుందట. దాన్ని పట్టుకుంటే చాలు, మిగతా మూడూ విడిగా లెక్కపెట్టే పని ఉండదు. గ్లాసుల్లో మంచినీళ్లు ఒలికేదాకా ఆ ఇద్దరూ ఆగలేదు.

ఇక లెక్క. చక్రం వ్యాసాన్ని 3.14తో గుణిస్తే చుట్టుకొలత వస్తుంది. ఆ మీటర్లను 0.9తో గుణించండి. వచ్చిన అంకె అన్ని సెకన్లు. అన్ని సెకన్లలో ఎన్ని బీట్లు వినబడితే బండి వేగం గంటకు అన్ని కిలోమీటర్లు.

1947లో మన దేశానికి వచ్చిన డబ్ల్యూపీ ఇంజను తెలుసు కదా, మూతి గుండ్రంగా, మధ్యలో నక్షత్రంతో ఉండేది. దాని పెద్ద చక్రం వ్యాసం సుమారు 1.70 మీటర్లు, చుట్టుకొలత 5.34 మీటర్లు. 0.9తో గుణిస్తే 4.8 సెకన్లు. ఉజ్జాయింపుగా 5 అనుకోండి. ఆ అయిదు సెకన్లలో 20 బీట్లు పడితే వేగం గంటకు 20 కిలోమీటర్ల దగ్గర ఉన్నట్టు. 40 దాటితే విడివిడిగా వినబడవు, టెన్షన్ పడకండి. అక్కడ బరువు బీట్‌ను మాత్రమే లెక్కపెట్టి నాలుగుతో గుణించండి.

రెండు చోట్ల ఈ లెక్క పనిచేయదు. దిగుడులో డ్రైవరు ఆవిరి కట్టేస్తాడు కాబట్టి బీటే ఉండదు. చక్రం జారినప్పుడు బీట్లు గబగబా పడతాయి గాని బండి ముందుకు పోదు. అప్పుడు డ్రైవరు ఆవిరి తగ్గించి పట్టాల మీద ఇసుక వదులుతాడు.

మా ఇంటిల్లిపాదీ ఈ వేసవిలో నీలగిరి బండి ఎక్కబోతున్నాం. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. 2005లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన దారి అది. అక్కడ ఒక మెలిక ఉంది. కల్లారు దాటాక పట్టాల మధ్య పళ్ల కమ్మీ మొదలవుతుంది. ఇంజను కింది పళ్ల చక్రం జారకుండా దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. ఎక్కుడు కొన్నిచోట్ల సుమారు 12 మీటర్లకు 1 మీటరు. అక్కడ మామూలు చక్రాలు తిప్పిన ఆవిరినే మళ్లీ పళ్ల చక్రం సిలిండర్లలోకి పంపి రెండోసారి వాడతారు. కాబట్టి మనకు వినబడేది ఆ రెండో జత బీట్. మన సూత్రం కల్లారు దాకానే. ఆ తర్వాత లెక్క మానేసి వినండి, అంతే. ఒకే ఆవిరి రెండుసార్లు పనిచేస్తోందని తెలిసి వినడమే గొప్పగా ఉంటుంది.

విశాఖలో ఆవిరి ఇంజను లేదు కదా, సాధన ఎక్కడ? పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజరులో అరకు దాకా వెళ్లండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన రేవు మీదుగా జపాను పంపడానికి 1960ల్లో వేసిన దారి అది. కరెంటు బండి కాబట్టి బీట్ ఉండదు, చేతి గడియారం మాత్రం ఉంటుంది. పట్టాల పక్కన కరెంటు స్తంభాల మీద రెండు అంకెలు కనబడతాయి. పైది కిలోమీటరు, కిందిది ఆ కిలోమీటరులో స్తంభం వరుస. పై అంకె మారగానే గడియారం చూడండి. మళ్లీ మారేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో, 3600ను దానితో భాగించండి.

బొడ్డవర దాటాక ఎక్కుడులో మా అమ్మాయికి 118 సెకన్లు వచ్చాయి. 3600ను 118తో భాగిస్తే దాదాపు 30. కాగితం మీద రాసి తాతయ్యకు చూపించింది. ఆయన కళ్లు మూసుకుని బండి ఊపు కాసేపు విన్నారు. "ముప్ఫయ్యే" అన్నారు.

ఇంటి పని: సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ వచ్చేలోపు మూడుసార్లు వేగం కొలవండి. సొరంగంలో స్తంభాల అంకెలు కనబడవు కాబట్టి రెండు సొరంగాల మధ్య ఖాళీ దొరికినప్పుడే మొదలుపెట్టండి. మూడు అంకెలూ కాగితం మీద దాచుకోండి. ఎక్కుడును బట్టి బండి ఎంత లాగగలదో లెక్కగట్టే 4వ పాఠంలో వాటితోనే పని.